వేషముల పంపకము

నాటకము వేయవలెనని సంకల్పము కలిగినంతనే తెరలు, దీపములు, దుస్తులు మనసునకు వచ్చును. కాని వీటన్నిటికంటె ముందుగా జరుగవలసిన పని యొకటి కలదు. అది వేషముల పంపకము. ఎవరు రాజు, ఎవరు భటుడు, ఎవరు కథానాయిక, ఎవరు పనిమనిషి అను విషయము ఆనాడే తేలిపోవును. తక్కిన పనులలో లోపము కలిగినచో దిద్దుకొనవచ్చును. చిరిగిన తెరను కుట్టవచ్చును. మరచిన మాటను తెరచాటు నుండి అందింపవచ్చును. వేషముల పంపకములో జరిగిన అన్యాయమును మాత్రము ప్రదర్శనము ముగిసిన పిమ్మట దిద్దుట కష్టము. అది వేషము దొరకని పిల్లవాని మనసులో ఏండ్ల తరబడి నిలిచిపోవును.

పాఠశాలలలో ఈ పంపకము ఎట్లు జరుగునో విద్యార్థులకు తెలియనిది కాదు. పసిమిచాయ గల బాలుడు రాకుమారుడు, నల్లనివాడు రాక్షసుడు, లావుగా నున్నవాడు విదూషకుడు. పుస్తకముల భాషను తడబడక పలుకు బాలిక రాణి. ఇంటిలో మాటలాడు భాషనే బడిలోను మాటలాడు బాలిక దాసి. ఏ వేషమునకును పనికిరారని తోచినవారు తెర లాగుటకును, కుర్చీలు మోయుటకును నియుక్తులగుదురు. ఇది ఎవరో చెడుతలంపుతో చేసిన ఏర్పాటు కాదు. అలవాటు చేసిన ఏర్పాటు. అందుచేతనే దానిని ప్రశ్నించుట మరింత కష్టము.

ఈ అలవాటును ప్రశ్నింపబూనిన ఒక విద్యార్థినిని ఊహించుకొందము. ఆమెది జనగామ జిల్లాలోని దేవరుప్పుల. జనగామ నుండి సూర్యాపేటకు పోవు త్రోవలో నున్న మండల కేంద్రమది. ఆ మండలములోనిదే కడవెండి గ్రామము. 1946 జూలై 4వ తేదీన దొడ్డి కొమరయ్య నేలకొరిగిన చోటు అదియే. పొరుగు మండలములో పాలకుర్తి, బమ్మెర గ్రామములు కలవు. సోమనాథుని పేరును, పోతన పేరును ఆ నేల నేటికిని తలచుకొనుచున్నది. ఇట్టి ఊరి పాఠశాలలో పదవ తరగతి చదువుచున్న ఆ బాలికకు వార్షికోత్సవ నాటకమును నడిపించు భారము లభించినదనుకొందము. ఆమె ఎన్నుకొన్నది అమెరికా దేశపు నాటకము. థార్న్‌టన్ వైల్డర్ అను రచయిత వ్రాసిన ఆ నాటకము పేరు ‘అవర్ టౌన్’, అనగా ‘మన ఊరు’. ఆ పేరే ఆమెను ఆకర్షించినది. మన ఊరు అన్నప్పుడు అది దేవరుప్పుల మాత్రము ఎందుకు కారాదు?

1938లో తొలిసారి ప్రదర్శింపబడి, ఆ సంవత్సరమే పులిట్జరు బహుమానము నందుకొన్న ఈ నాటకములో రాజులు లేరు, కత్తియుద్ధములు లేవు. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రములో గ్రోవర్స్ కార్నర్స్ అను కల్పిత గ్రామము, 1901 మొదలు 1913 వరకు అచ్చటి జనుల జీవనము, ఇంతే కథ. వైద్యుని కుమారుడు జార్జి, పత్రికా సంపాదకుని కుమార్తె ఎమిలీ ఇరుగుపొరుగున పెరిగి పెద్దవారై వివాహమాడుదురు. కొన్ని ఏండ్లకు రెండవ కాన్పులో ఎమిలీ మరణించును. మరణించిన తరువాత, గడచిన జీవితములోనికి మరలి పోయి ఒక్క దినమును చూచుటకు ఆమెకు వీలు కలుగును. ఆమె తన పండ్రెండవ పుట్టినరోజును కోరుకొనును. ఆ ఇంటిలో తల్లి వంటపనిలో తలమునకలై యుండును. ఒకరి ముఖము నొకరు నిండుగా చూచుకొను తీరిక ఎవ్వరికిని ఉండదు. ఆ దృశ్యమును భరింపలేక ఎమిలీ తిరిగి తన సమాధికి మరలిపోవును.

ఈ నాటకమునకు రంగాలంకారము లేదు. రెండు బల్లలు, కొన్ని కుర్చీలు, రెండు నిచ్చెనలు ఉన్న చాలును. జార్జియు, ఎమిలీయు చెరియొక నిచ్చెన నెక్కి, తమ తమ మేడగదుల కిటికీలలో నున్నట్లుగా పాఠములను గూర్చి మాటలాడుకొందురు. పాలవాడు లేని గుఱ్ఱమును నడిపించుకొని వచ్చును. తల్లులు లేని పొయ్యిమీద వండుదురు. కథ చెప్పువాడు రంగస్థల నిర్వాహకుడు. అతడు ప్రేక్షకులతో చనువుగా మాటలాడుచు, అవసరమైనప్పుడు తానే దుకాణదారుడగును, తానే పెండ్లి జరిపించు మతగురువగును, ఒకచో వృద్ధురాలు కూడ అగును. 1938లో న్యూయార్కు ప్రదర్శనములలో రెండు వారములపాటు వైల్డరే స్వయముగా ఈ వేషమును ధరించెను. బాల్యమున కొంతకాలము చైనా దేశములో గడపిన ఆ రచయితకు తూర్పు దేశముల నాటక పద్ధతులు తెలియును. ఏమియు లేని వేదికపై నటుని మాటతోను, చేష్టతోను సమస్తమును కల్పించు ఆ పద్ధతిని అతడు తన నాటకమునకు వాడుకొనెను.

ఇక ఆ బాలిక వేషముల పట్టిక వ్రాయ మొదలిడును. ఎమిలీ వేషము తరగతిలో పసిమిచాయ గల బాలికకు. జార్జి వేషము పొడగరి బాలునకు. నిర్వాహకుని వేషము వక్తృత్వపు పోటీలలో బహుమతులు గెలుచుకొనువానికి. పాలవాడు, పత్రికలు పంచు కుఱ్ఱవాడు మిగిలినవారిలో ఎవరైనను సరియే. పట్టిక ఐదు నిమిషములలో ముగియును. నిరుడు హరిశ్చంద్ర నాటకమునకు వ్రాసిన పట్టిక ఆమె సంచిలోనే యుండును. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో వింత యొకటి కనబడును. నాటకము మారినది, పాత్రల పేర్లు మారినవి, దేశమే మారినది. పెద్ద వేషములు పొందినవారు మాత్రము మారలేదు. ఈ పట్టిక నాటకమును చదివి వ్రాసినది కాదనియు, తరగతిని చూచి వ్రాసినదనియు ఆమెకు అర్థమగును.

అప్పు డామె నాటకమును మరల చదువును. ఎమిలీ ఎట్టి బాలిక? ఒకనాడు ఆమె, తాను అందముగా నుందునా అని తల్లిని అడుగును. తల్లి చిక్కుడుకాయలు ఒలుచుచు, ఆ ప్రశ్నకు పెద్ద విలువ నీయక, చాలినంత అందము నీకున్నదని పలికి ఊరకుండును. ఆ ప్రశ్న ఎవరు అడుగుదురు? చిన్ననాటి నుండి నలుగురి నోటను అందగత్తె వని వినుచు పెరిగిన బాలిక అడుగవలసిన పని లేదు. అద్దము ముందు నిలిచి సందేహపడిన బాలికయే అడుగును. తన పట్టికలో దాసీ వేషమునకైనను నోచుకోని నల్లని బాలికకు ఆ సందేహము బాగుగా తెలియునని దర్శకురాలికి తోచును. మేనిచాయ ప్రేక్షకుల కన్నులకు కనబడును. ఆ సందేహము మాత్రము నటించువారి గుండెలో నుండవలెను.

ఇట్లు ఆలోచించుటకు ఆమె దూరదేశములకు పోనక్కరలేదు. ఆ ప్రాంతమునందే ఒగ్గుకథ యను గొప్ప కళ కలదు. ఒగ్గు అనగా శివుని డమరుకము. మల్లన్న కథ, బీరన్న కథ, ఎల్లమ్మ కథ మొదలగువానిని ఒగ్గుకథకులు డోలు, తాళముల నడుమ రాత్రి తెల్లవార్లు చెప్పుదురు. జనగామ ప్రాంతపు మాణిక్యపురమునకు చెందిన చుక్క సత్తయ్య ఈ కళలో దేశవ్యాప్తమైన కీర్తి గడించి, సంగీత నాటక అకాడమీ పురస్కారము నందుకొని, 2017లో కాలధర్మము నొందెను. ఒగ్గుకథకుడు ఒక క్షణమున రాజు, మరుక్షణమున ఆ రాజును కన్న తల్లి. తలకు చుట్టిన వస్త్రమును విప్పి పైట చేసికొన్నంతనే అతడు స్త్రీయగును. దానినే నడుమునకు బిగించినంతనే వీరుడగును. ఇతని మీసమేమి, ఈ తల్లి ఏమి అని కూర్చున్న జనములో ఒక్కరును అడుగరు. తల్లి ఏడ్చినప్పుడు వారును కన్నీరు పెట్టుకొందురు. వైల్డరు నిర్వాహకుడు న్యూయార్కు ప్రేక్షకులకు కొత్తవాడు కావచ్చును. దేవరుప్పుల ప్రజలకు అతడు తాతల నాటి పరిచితుడు.

తెలుగు రంగస్థల చరిత్ర కూడ ఆమెకు కొన్ని సంగతులు బోధించును. కులస్త్రీలు నాటకములలో నటించుట తగదని సంఘము భావించిన కాలములో పురుషులే స్త్రీ వేషములు ధరించుచుండిరి. స్థానం నరసింహారావు సత్యభామగా రంగస్థలమున అడుగిడినప్పుడు ఆ నడకను, ఆ పలుకును ప్రేక్షకులు మైమరచి చూచెడివారు. 1956లో ఆయనకు పద్మశ్రీ బిరుదము లభించెను. సాధన యున్నచో మనుష్యుడు తాను కానిదానిని కూడ సంపూర్ణముగా కాగలడని ఆయన నిరూపించెను. అయినను ఆ కళ వెనుక మూసిన తలుపు ఒకటి యుండెనను మాట మరువరాదు. పురుషుడు స్త్రీ వేషము వేయుట కళ. స్త్రీని వేదిక మీదికి రానీయకుండుట అన్యాయము. ఈ రెండును ఒకటి కావు.

ఆ తలుపును తెరచినవారు పలువురు. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామమున వనారస గోవిందరావు ఆధ్వర్యమున ‘కీచకవధ’ ప్రదర్శనముతో ఆరంభమైన సురభి నాటక సమాజములలో ఆ కుటుంబముల స్త్రీలే స్త్రీ వేషములు ధరించిరి. న్యాయవాది వృత్తిలో నున్న బళ్ళారి రాఘవ (1880–1946) స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని వాదించి, చదువుకొన్న వనితలను రంగస్థలమునకు ఆహ్వానించెను. నాటికి అది సాహసము. నిజామాబాదు ప్రాంతములో చిందు భాగవతమును జీవితాంతము ఆడిన చిందుల ఎల్లమ్మ ఆ కళకే మారుపేరుగా నిలిచి 2005లో మరణించినది. వేషముల పంపకము అనాదిగా ఒకేరీతిగా నుండలేదు. ఎవరో ఒకరు ఆగి, ఎందుకిట్లు అని అడిగినప్పుడెల్ల అది మారినది.

అమెరికా దేశములోను ఇట్టి ప్రశ్నయే పుట్టినది. ‘అవర్ టౌన్’ నాటకమును ఆ దేశపు పాఠశాలలు లెక్కకు మించి ప్రదర్శించినవి. గ్రోవర్స్ కార్నర్స్ తెల్లవారి గ్రామము కనుక తెల్లని పిల్లలే ఆ వేషములకు తగుదురని చాలకాలము అనుకొనిరి. కాలిఫోర్నియా రాష్ట్రములోని కాంప్టన్ పట్టణమున డొమింగెజ్ ఉన్నత పాఠశాల కలదు. అచ్చటి విద్యార్థులలో హెచ్చుమంది నల్లజాతివారును, లాటిన్ అమెరికా సంతతివారును. ఇరువది ఏండ్లకు పైగా నాటకమన్నదే ఎరుగని ఆ పాఠశాలలో పిల్లలు ఈ నాటకమును ఆడిరి. వారి ప్రయత్నమును చూపు వార్తాచిత్రము 2002లో వెలువడినది. ఈ ఊరు తమది కాదని మొదట పెదవి విరచిన పిల్లలే, తల్లిదండ్రులతో పోట్లాట, తొలి వలపు, ఇంటిలో చావు అనునవి తమ వీధిలోను ఉన్నవని గ్రహించి, దానిని తమ ఊరిగా చేసికొనిరి. నాటకములోని మాటలు మారలేదు, ముఖములు మారినవి. ముఖములు మారుట చేత మాటలకు కొత్త ప్రాణము వచ్చినది.

అట్లని ఎవరు ఏ వేషము వేసినను ఒక్కటే యని అనుకొనుట పొరపాటు. లొరేన్ హాన్స్‌బెరీ వ్రాయగా 1959లో తొలిసారి ప్రదర్శింపబడిన ‘ఎ రైజిన్ ఇన్ ది సన్’ అను నాటకములో ఒక నల్లజాతి కుటుంబము తెల్లవారి వీధిలో ఇల్లు కొనును. వీధివారు వారిని రానీయకుండుటకు ప్రయత్నింతురు. అచ్చట వర్ణమే కథ. ఆ కుటుంబపు వేషములు తెల్లవారికిచ్చినచో కథ యే మాయమగును. అంతకు పూర్వము పందొమ్మిదవ శతాబ్దమున తెల్లని నటులు ముఖమునకు మసి పూసికొని నల్లవారిని వెక్కిరించుచు వినోదము చేసిరి. అది వేషము కాదు, అవమానము. కావున దర్శకుడు రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ పాత్రకు ఈ లక్షణము నిజముగా అవసరమా, లేక అలవాటు కోరుచున్నదా? ఈ వేషము ఆ మనుష్యుని అర్థము చేసికొనుటకా, ఎగతాళి చేయుటకా?

రెండవ ప్రశ్నకు దేవరుప్పుల నేలయే ఒక మంచి ఉదాహరణము. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలసి తెలంగాణ రైతుల పోరాటముపై ‘మా భూమి’ నాటకమును వ్రాసిరి. దానిని ప్రజానాట్యమండలి కళాకారులు ఆంధ్ర గ్రామములలో ప్రదర్శించిరి. నాటికి తెలంగాణము నిజాము రాజ్యము. ఆ ప్రదర్శకులకు పొరుగు సీమ. అయినను ఆ రైతుల దుఃఖమును తమ దుఃఖముగా భావించి నటించిరి కనుక ఆ వేషము పరాయిది కాలేదు. దీనికి విరుద్ధముగా, తరువాతి కాలపు నాటకములలోను, చలనచిత్రములలోను తెలంగాణపు పలుకు చాలకాలము దుష్టునికో, హాస్యగానికో, పనివానికో పరిమితమైనది. ఒక ప్రాంతపు పిల్లలు తమ తల్లి మాట వేదికపై వినబడినప్పుడెల్ల నవ్వులు వినిరి. పాఠశాల నాటకములో ఆ మాట మాటలాడు బాలిక ఎప్పుడును దాసియే అగుటకు కారణ మిదియే.

ఇంత ఆలోచించిన పిమ్మట ఆ బాలిక రెండవ పట్టిక వ్రాయును. ఈసారి ఐదు నిమిషములు కాదు, మూడు దినములు పట్టును. ఎమిలీ వేషము ఆ నల్లని బాలికకు. నిర్వాహకుని వేషము, ఇంతవరకు దాసీ వేషములే వేసిన పల్లె మాటల బాలికకు. ఊరి కథను చెప్పువారు ఊరివారై యుండవలెను గదా! పత్రికలు పంచు కుఱ్ఱవాని వేషము ప్రతి యేడు తెర లాగు బాలునకు. ఆ కుఱ్ఱవాడు కనబడునది కొన్ని నిమిషములే. కాని అతడు గొప్ప చదువు చదివి, ఫ్రాన్సు దేశపు యుద్ధములో మరణించునని నిర్వాహకుడు ముందుగానే ప్రేక్షకులకు చెప్పును. ఆ మాట విన్న పిమ్మట ఆ చిన్న వేషము చిన్నది కాదు. పాలవాని వేషము పొడగరి కథానాయకునకు.

అడ్డంకులు రాకపోవు. పాలవాని వేషము దొరికిన బాలుడు అలుగును. అచ్చట గుఱ్ఱము లేదనియు, ఉన్నదని ఊరంతయు నమ్మవలెననియు, అది చేతకానివానికి ఈయదగిన వేషము కాదనియు ఆమె చెప్పును. అతడు ఒప్పుకొనునో లేదో చెప్పలేము. కాని రిహార్సలులో లేని గుఱ్ఱమును నిలువబెట్టుటకు పది సార్లు ప్రయత్నించిన పిమ్మట నటన యన నేమో అతనికి మొదటిసారిగా తెలియును. పెద్దలు వచ్చు సభలో ఈ ప్రయోగము లెందుకని ఉపాధ్యాయుడు శంకించును. ఆమె రెండు పట్టికలను ఆయన ముందుంచి, “సారూ, నాటకం మారింది గని పేర్లు మారలే, చూడుండ్రి” అనును. ఆయన ఆ కాగితములను చాలసేపు చూచును.

అందరికంటె పెద్ద అడ్డంకి నిర్వాహకుని వేషము పొందిన బాలికయే. “నాది ఇంట్ల మాటనే గదనే. నేను మాట్లాడితే అందరు నవ్వుతరు” అని ఆమె వెనుకాడును. “ఊరి కత ఊరి మాటలనే చెప్పాలె. నవ్వితే నవ్వనియ్యే. నవ్వు అయిపోయినంక వింటరు” అని దర్శకురాలు ధైర్యము చెప్పును. ఇది సులభమైన ధైర్యము కాదు. వేదికపై నిలుచునది ఆమె. నవ్వులను భరింపవలసినది ఆమె. కావున ఆ వేషమును బలవంతముగా అంటగట్టక, రెండు రోజులు ఆలోచించుకొమ్మని గడువు ఈయవలెను. న్యాయము పేరిట నైనను ఒకరి ఇష్టము లేకుండ వారిని ముందుకు నెట్టుట పాత అలవాటునకు మరియొక రూపమే యగును.

కొందరు ఇట్లు ప్రశ్నింపవచ్చును: ప్రదర్శనము బాగుండుట ముఖ్యమా, అందరికి అవకాశమిచ్చుట ముఖ్యమా? ఈ రెంటికిని విరోధమున్నదని తలచుటయే పొరపాటు. కంఠము లేనివానికి పాట నిచ్చుట న్యాయము కాదు. కాని కంఠమున్నదో లేదో వినకయే, చూపు చూచి లేదని తీర్మానించుట కూడ న్యాయము కాదు. దర్శకుని మొదటి ధర్మము వినుట. ఒక్కొక్కరిచేత రెండు మూడు వేషముల మాటలు చదివించి వినవలెను. దాసిచేత రాణి మాటలను, రాణిచేత దాసి మాటలను పలికింపవలెను. అట్లు వినినవారికి వింతలు బయటపడును. గట్టిగా మాటలాడలేడనుకొన్న బాలుడు దుఃఖపు మాటను అందరికంటె చక్కగా పలుకవచ్చును.

ఈ విషయము నాటకములతో ముగియునది కాదు. తరగతిలో నాయకుని ఎన్నుకొనునప్పుడును, ఆటలో జట్టును ఏర్పరచునప్పుడును, అతిథికి పూలమాల వేయువారిని పిలుచునప్పుడును వేషముల పంపకము జరుగుచునే యున్నది. వీడు దీనికి తగును, ఆమె దానికి తగదు అని మనము నోటితో అనకయే నిర్ణయించుచున్నాము. వైల్డరు నాటకములో ఎమిలీ మరణించిన తరువాత గాని తన ఇంటివారిని నిండుగా చూడలేకపోయెను. బ్రతికి, ఒకే బల్లపై కూర్చుండి, ఒకే పాఠము చదువుకొను విద్యార్థులకు ఆ అవకాశము ప్రతిదినము ఉన్నది. ఎన్నడైనను పట్టిక వ్రాయు కలము తమ చేతికి వచ్చినప్పుడు వారు ఒక్క క్షణము ఆగి, తెర లాగుటకు నిలిచినవాని వైపు చూచి, అతని చేతికి పుస్తకము నిచ్చి, ఒక పుట చదువుమని అడుగుదురు గాక.